మనుషుల్ని అమ్మేవాళ్ల నుంచి ఒకర్ని కాపాడిన ఆటో డ్రైవర్‌కో, కండక్టర్‌కో సన్మానం ఎలా చెయ్యాలి

మీరు కాలనీ అసోసియేషన్ వాళ్లు కావచ్చు, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు కావచ్చు, ఆటో యూనియన్ వాళ్లు కావచ్చు, లేదా ఊరికే నలుగురు ఫ్రెండ్స్ కావచ్చు. మన ఊరి బస్టాండ్‌లోనో రైల్వే స్టేషన్‌లోనో ఒక అమ్మాయినో పిల్లాడినో ఎవరో తరలిస్తుంటే పసిగట్టి ఆపిన డ్రైవర్ అన్నకి, కండక్టర్ అక్కకి ఏదైనా చెయ్యాలని అనిపించింది కదా, అయితే ఇది మీకోసమే రాస్తున్నా. మామూలుగా ఏం జరుగుతుందంటే పేపర్లో వార్త పడగానే మర్నాడే ఫ్లెక్సీ కొట్టించి, శాలువా కప్పి, ఫొటో దిగి గ్రూపుల్లో పెట్టేస్తారు. మనసు మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఇది పరీక్షలో ఫస్ట్ ర్యాంక్ కొట్టినోళ్లకి చేసే సన్మానం లాంటిది కాదు. ఆ ఒక్క ఫొటోతో బయటపడిన పిల్లకి ఇబ్బంది, రేపు సాక్ష్యం చెప్పాల్సిన డ్రైవర్‌కి ఇబ్బంది, కేసుకి కూడా ఇబ్బంది. ఈ మూడింటికీ దెబ్బ తగలకుండా, ఆ మనిషికి నిజంగా పనికొచ్చేలా ఎలా చెయ్యాలో వరసగా చెప్తా.

అసలు వీళ్లనే ఎందుకు?

మనుషుల్ని అమ్మడం అంటే ఎక్కడో చీకటి గదిలో మొదలై చీకటి గదిలోనే ముగిసేది కాదండీ. మధ్యలో ప్రయాణం ఉంటుంది, టికెట్ కొనాలి, ప్లాట్‌ఫామ్ మీద కూర్చోవాలి, ఆటో ఎక్కాలి. హైదరాబాద్ పాతబస్తీలో 2015 జనవరిలో గాజుల కార్ఖానాల మీద పోలీసులు దాడులు చేస్తే బీహార్ నుంచి తెచ్చిన చిన్నచిన్న పిల్లలు వందల్లో బయటపడ్డారు, వాళ్లంతా అంత దూరం నుంచి రైళ్లల్లో వచ్చినవాళ్లే. ఒడిశాలో బలంగీర్, నువాపడా వైపు నుంచి అడ్వాన్స్ ఇచ్చి కుటుంబాలకి కుటుంబాల్నే మన ఇటుక బట్టీలకి తీసుకొస్తారు, వాళ్లూ మూటాముల్లె, పిల్లాజెల్లాతో స్టేషన్‌లోనే దిగుతారు. కోనసీమ నుంచి, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లని ఏజెంట్లు ఎయిర్‌పోర్ట్‌కి క్యాబ్‌లోనో వ్యాన్‌లోనో తీసుకెళ్తారు. ఈసీఆర్ పాస్‌పోర్ట్ (అంటే కొన్ని దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్ట్) ఉన్న 30 ఏళ్లలోపు ఆడవాళ్లని గల్ఫ్‌కి ఇంటిపనికి పంపడానికి లేదని రూల్ ఉంది, అందుకని విజిట్ వీసా మీద ఎక్కించేస్తుంటారు. ఆ సంగతి వెనక సీట్లో ఏజెంట్ ఫోన్‌లో మాట్లాడుతుంటే ముందు సీట్లో డ్రైవర్‌కి వినపడుతుంది.

ఇళ్లల్లో మనకి కనపడనిది దారిలో వీళ్లకి కనపడుతుంది, అంతే తేడా. రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్లు నన్హే ఫరిష్తే అనే కార్యక్రమం పేరుతో 2018 నుంచి 2024 మే దాకా స్టేషన్లలో, రైళ్లలో 84,119 మంది పిల్లల్ని రక్షించామని చెప్పారు. అందులో అందరూ అమ్మకానికి వెళ్తున్నవాళ్లు కాదు, ఇంట్లో అలిగి వచ్చేసినవాళ్లు, తప్పిపోయినవాళ్లు కూడా ఉన్నారు. కానీ ప్లాట్‌ఫామ్ మీద ఒంటరిగా తిరిగే పిల్లాడి దగ్గరికి ముందు ఎవరు చేరతారు అన్నదే ఇక్కడ పాయింట్, మంచివాడా, బ్రోకరా అని.

స్టెప్ 1: ముందు విషయం నిజమో కాదో తేల్చుకోండి

ఇది తొందరపడకూడని చోటు. 2023 మే నెలాఖర్లో దానాపూర్–పూణె ఎక్స్‌ప్రెస్‌లో బీహార్ నుంచి మహారాష్ట్రకి వెళ్తున్న 59 మంది పిల్లల్ని భుసావల్, మన్మాడ్ స్టేషన్లలో దించేశారు, వెంట ఉన్న ఐదుగురు మదర్సా టీచర్లని ట్రాఫికింగ్ (మనుషుల అక్రమ రవాణా) కేసులో అరెస్ట్ చేశారు, వాళ్లు దాదాపు నెల రోజులు జైల్లో ఉన్నారు. చివరికి చూస్తే ఆ పిల్లలు చదువుకోడానికి వెళ్తున్నవాళ్లే, అపార్థం వల్ల పెట్టిన కేసు అని 2024 మార్చిలో పోలీసులే కేసు మూసేశారు. ఆ మధ్యలో ఎవరైనా స్టేజి ఎక్కి సన్మానాలు చేసి ఉంటే ఆ ఐదుగురి పరిస్థితి ఏంటో ఆలోచించండి. మన దగ్గర కూడా 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి అమాయకుల్ని కొట్టి చంపేశారు.

కాబట్టి వార్త చూసిన రోజు ఏమీ చెయ్యకండి. స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ని గానీ, జిల్లా బాలల సంరక్షణ అధికారిని గానీ, రైల్వే అయితే ఆర్పీఎఫ్ ఇన్‌స్పెక్టర్‌ని గానీ కలిసి రెండే విషయాలు అడగండి. ఎఫ్‌ఐఆర్ అయ్యిందా, ఏ సెక్షన్ కింద అయ్యింది? 2024 జులై 1 నుంచి కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) వచ్చాక ట్రాఫికింగ్ అంటే బీఎన్‌ఎస్ 143, పాత ఐపీసీలో అది 370. పిల్లల విషయమైతే వాళ్లని బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టారా, కమిటీ ఏమంది? వివరాలు మీకు చెప్పరు, చెప్పకూడదు కూడా. "అవునండీ, జెన్యూన్ కేసే" అన్న ఒక్క మాట చాలు మనకి.

ఇంకోటి, కాపాడినవాడు అనుమానితుణ్ణి చితకబాదాడు అని తెలిస్తే ఆ కొట్టడాన్ని మాత్రం మెచ్చుకోకండి. ఫోన్ చేసినందుకు, పిల్లని ఒంటరిగా వదలనందుకు మెచ్చుకోండి. మనం దేన్ని పొగిడితే రేపు స్టాండ్‌లో మిగతా కుర్రాళ్లు అదే చేస్తారు.

స్టెప్ 2: ఆ మనిషిని అడగండి, విడిగా అడగండి

డ్రైవర్‌ని యూనియన్ ఆఫీసులో పదిమంది ముందు "అన్నా నీకు సన్మానం చేస్తున్నాం" అంటే పాపం మొహమాటానికి సరే అంటాడు. ఇంటికెళ్లి భార్యతో చెప్తే ఆవిడ భయపడుతుంది, ఎందుకంటే ఆ బ్రోకర్ మనుషులు కూడా ఇదే ఊళ్లో, ఇదే స్టాండ్ చుట్టూ తిరిగేవాళ్లు, ఆటో నంబర్ వాళ్లకి తెలుసు. అందుకని ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి టీ తాగుతూ మాట్లాడండి, వీలైతే ఇంటికే వెళ్లండి.

ఏం అడగాలంటే: పేరు బయటికి చెప్పొచ్చా? ఫొటో తియ్యొచ్చా? బండి నంబర్ కనపడొచ్చా? ఇంట్లో వాళ్లకి ఓకేనా? ఎవరైనా బెదిరించారా? బెదిరింపు ఉంది అంటే ఇక సన్మానం సంగతి పక్కన పెట్టేసి ముందు ఆ పని చూడండి. సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లో ఓకే చేసిన సాక్షుల రక్షణ స్కీమ్ ఉంది, జిల్లా జడ్జి ఆధ్వర్యంలో ఉండే కమిటీకి అప్లికేషన్ పెట్టుకోవచ్చు, మీలో ఎవరైనా లాయర్ ఉంటే ఆ కాగితం రాసిపెట్టడమే పెద్ద సన్మానం.

వద్దు అంటే వద్దనే. "మాకొద్దండీ, మేం చేసింది పెద్ద పనేం కాదు" అనేవాళ్లలో సగం మంది సిగ్గుతో అంటారు, సగం మంది భయంతో అంటారు, రెండిటికీ మీరు విలువ ఇవ్వాలి. వాళ్లకి పబ్లిక్‌గా కాకుండా చెయ్యదగ్గవి ఉన్నాయి, స్టెప్ 5లో చెప్తా.

స్టెప్ 3: పిల్ల వివరం ఒక్కటి కూడా బయటికి రానివ్వకండి

ఇది మర్యాద కోసం చెప్తున్నది కాదు, చట్టం. జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్లల పేరు, అడ్రస్, స్కూలు, ఫొటో, ఇంకా గుర్తుపట్టడానికి వీలైన ఏ వివరమైనా బయటపెడితే ఆరు నెలల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. లైంగిక నేరాల్లో బాధితుల గుర్తింపు బయటపెడితే బీఎన్‌ఎస్ 72 కింద రెండేళ్ల దాకా జైలు. వాట్సాప్ స్టేటస్ అయినా, యూట్యూబ్ ఛానల్ అయినా, ఫ్లెక్సీ అయినా ఒకటే.

పేరు రాయకపోతే సరిపోతుంది అనుకుంటారు చాలామంది. సరిపోదు. "ఫలానా మండలం నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి, తండ్రి లేడు, మేనమామ అమ్మబోయాడు" అని మైకులో చెప్పారనుకోండి, ఆ ఊళ్లో అందరికీ అర్థమైపోతుంది ఎవరో. ఆ పిల్ల రేపు తిరిగి అదే ఊరికి, అదే స్కూలుకి వెళ్లాలి, రేపు పెళ్లి సంబంధాలు రావాలి. అందుకని ఫంక్షన్‌లో ఎంత చెప్పాలో ముందే ఒక కాగితం మీద రాసుకుని దాన్నే చదవండి. "ఒక ప్రయాణికురాలు ఆపదలో ఉందని గుర్తించి సమయానికి సమాచారం ఇచ్చారు" అంతే. ఊరు వద్దు, వయసు వద్దు, ఏ రైలో ఏ బస్సో వద్దు, తేదీ కూడా వద్దు, "ఈ ఏడాది" అంటే చాలు.

ఆ పిల్లనో తల్లిదండ్రులనో స్టేజి మీదకి పిలిచి కృతజ్ఞతలు చెప్పించడం మాత్రం దయచేసి చెయ్యకండి. ఆ పిల్ల కాపాడినవాళ్లకి థ్యాంక్స్ చెప్పాలనుకుంటే సంక్షేమ కమిటీ ద్వారానో, తను ఉంటున్న హోమ్ వాళ్ల ద్వారానో ఒక ఉత్తరం వస్తుంది, లేదా రాదు. మనం అడగకూడదు.

స్టెప్ 4: కేసు పాడవకుండా చూసుకోండి

మీ డ్రైవర్ అన్న పోలీసులకి స్టేట్‌మెంట్ ఇచ్చి ఉంటే ఆయన ప్రాసిక్యూషన్ సాక్షి. అలాంటప్పుడు స్టేజి మీద మైక్ ఇచ్చి "అన్నా ఆ రోజు ఏం జరిగిందో చెప్పు" అంటే ఆయన ఉత్సాహంలో ఒకటి అటూ ఇటూగా చెప్తాడు, ఆ వీడియో డిఫెన్స్ లాయర్ చేతికి వెళ్తుంది, "పోలీసులకి రాత్రి ఎనిమిదన్నావు, స్టేజి మీద పదన్నావు, ఏది నిజం" అని కోర్టులో నిలదీస్తాడు. నిందితుడి ఫొటో ఫ్లెక్సీ మీద వేస్తే ఇంకా ఘోరం, సాక్షి చేత నిందితుణ్ణి గుర్తుపట్టించే గుర్తింపు పరేడ్‌కి అర్థమే ఉండదు.

డబ్బు విషయం కూడా ఇక్కడే చెప్తా. సన్మానంలో వేలకి వేలు క్యాష్ కవర్ ఇస్తే "నువ్వు డబ్బు కోసం చెప్పావు" అనే మాట రావడానికి ఆస్కారం ఉంటుంది. అలాగని ఆయన నష్టపోవాలా అంటే అదీ కాదు. దర్యాప్తు అధికారిని కలిసి "మేం ఇలా ఒక సంస్థ తరఫున మెచ్చుకోలుగా ఇద్దామనుకుంటున్నాం, ఇప్పుడు ఇవ్వొచ్చా, సాక్ష్యం అయ్యాక ఇవ్వాలా" అని అడగండి. ఆయన ఆగమంటే ఆగండి. పిల్లకి ఇంత అని రేటు కట్టినట్టు "ఒకర్ని పట్టిస్తే ఇంత" అని బోర్డు మాత్రం పెట్టకండి, అలా పెడితే పేదవాళ్ల పిల్లల్ని తీసుకుని పనికి వలస వెళ్లే ప్రతి కుటుంబాన్నీ అనుమానించడం మొదలవుతుంది.

స్టెప్ 5: ఏం ఇవ్వాలి

నాకు తెలిసినంతలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. శాలువా, మెమెంటో, పూలదండ. ఇవి వద్దని కాదు, ఇంట్లో షోకేస్‌లో ఆ మెమెంటో ఉంటే పిల్లలు చూసి మురిసిపోతారు, దాని విలువ దానిది. కానీ ఆ మనిషి ఆ రోజు ఏం పోగొట్టుకున్నాడో తెలుసుకుని ఇస్తే ఆ ఆనందం వేరు.

ఆటో డ్రైవర్ సంగతి చూడండి. చాలామందివి అద్దె ఆటోలు, బండి తిరిగినా తిరక్కపోయినా సాయంత్రం ఓనర్‌కి కట్టాల్సింది కట్టాల్సిందే. సొంత బండి అయితే ఫైనాన్స్ వాడు ఊరుకోడు. స్టేషన్‌లో స్టేట్‌మెంట్ కోసం పూట గడిచిపోతే ఆ పూట కిరాయి పోయినట్టే, మళ్లీ ఎప్పుడో కోర్టు నుంచి సమన్లు వస్తే ఇంకో రోజు పోయినట్టే. "మనకెందుకొచ్చిన గొడవ" అని డ్రైవర్లు పక్కకి చూసేస్తారు అంటే వాళ్లకి జాలి లేక కాదు, ఈ లెక్క తెలిసి. అందుకని బండి ఇన్సూరెన్స్ రెన్యువల్ కట్టండి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు దగ్గర పడుంటే ఆ ఖర్చు పెట్టుకోండి, కొత్త టైర్ వేయించండి, పిల్లల స్కూల్ ఫీజు ఒక టర్మ్ కట్టండి. డబ్బు ఆయన చేతికి కాకుండా సరాసరి ఇన్సూరెన్స్ ఆఫీసుకో స్కూలుకో కట్టి రసీదు ఆయనకి ఇస్తే మర్యాదగానూ ఉంటుంది, లెక్కగానూ ఉంటుంది. సాక్షి అయితే మాత్రం ఇది కూడా పైన చెప్పినట్టు అడిగాకే.

రైల్వే కూలీలు, ఇప్పుడు సహాయక్ అంటున్నారు, వాళ్లకి నెల జీతం లేదు, మోసిన సామానే సంపాదన. ప్లాట్‌ఫామ్ మీద టీ స్టాల్ కుర్రాడు, స్టేషన్ ఊడ్చే ఆవిడ, వీళ్లు కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు, వీళ్లని ఎవరూ గుర్తుపెట్టుకోరు. చాలాసార్లు పిల్లని ముందు చూసింది వాళ్లే అయ్యుంటారు, పోలీసులకి చెప్పింది ఇంకొకరు అయ్యుంటారు, పేపర్లో పేరు ఆ రెండో వాళ్లది పడుతుంది. కాబట్టి సన్మానం ముందు "మొదట ఎవరు చూశారు" అని ఆరా తీసి ఆ మనిషిని కూడా పిలవండి. కాంట్రాక్ట్ మనుషులకి ఒక హెల్త్ చెకప్పో, ఇంట్లో రేషన్‌కి ఒక నెల సరుకులో ఇప్పించండి, ఆ రోజు డ్యూటీకి రాలేదని జీతం కొయ్యొద్దని కాంట్రాక్టర్‌తో మీరే మాట్లాడండి.

పబ్లిసిటీ వద్దన్నవాళ్లకి ఇంటికి భోజనానికి పిలిచి, కుటుంబానికి బట్టలు పెట్టి పంపండి. మన దగ్గర బట్టలు పెట్టడం అంటే సొంత మనిషిగా చూసుకోవడం, దానికి ఫొటో అక్కర్లేదు.

స్టెప్ 6: ఆర్టీసీ, రైల్వే ఉద్యోగి అయితే డిపార్ట్‌మెంట్‌కి ఉత్తరం రాయండి

ఉద్యోగులకి మీ శాలువా కంటే వాళ్ల ఫైల్లో పడే ఒక కాగితం విలువైనది. ఎందుకో చెప్తా. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకి ఫ్రీ బస్, తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9 నుంచి, ఏపీలో స్త్రీశక్తి 2025 ఆగస్ట్ 15 నుంచి. జీరో టికెట్ కొట్టాలంటే కండక్టర్ ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు చూడాలి. కిక్కిరిసిన బస్సులో టికెట్ కొట్టే టిమ్ మిషన్ పట్టుకుని ఒక్కో సీటు దగ్గరికి వస్తున్న కండక్టర్ అక్కకి ఒక అమ్మాయి కనపడింది అనుకోండి, "కార్డు చూపించమ్మా" అంటే ఆ అమ్మాయి తన బ్యాగ్ వైపు చూడదు, పక్కన కూర్చున్నావిడ వైపు చూస్తుంది. పక్కావిడ తన పర్సులోంచి ఆ అమ్మాయి ఆధార్ తీస్తుంది. ఎక్కడ దిగాలమ్మా అంటే దానికీ ఆవిడే జవాబు. పేరేంటమ్మా అంటే కార్డు మీద పేరు ఒకటి, ఆ పిల్ల నోట్లోంచి వచ్చేది ఒకటి. కార్డు వేరేవాళ్ల పర్సులో ఉన్నంత మాత్రాన ట్రాఫికింగ్ అయిపోదు, మన ఇళ్లల్లో అమ్మలు అందరి కార్డులూ తమ దగ్గరే పెట్టుకుంటారు. కానీ ఇవన్నీ ఒకేచోట కలిస్తే మాత్రం కండక్టర్‌కి తెలిసిపోతుంది ఇది వేరే లెక్క అని.

అప్పుడు ఆవిడ ఏం చెయ్యాలి? 112కి ఫోన్ చెయ్యాలి, డ్రైవర్‌కి చెప్పాలి, వచ్చే బస్టాండ్‌లో కంట్రోలర్‌కి చెప్పి పోలీసులు వచ్చేదాకా బస్సు ఆపాలి. లోపల అరవై డెబ్బై మంది "ఎంతసేపమ్మా, మాకు పనులున్నాయి" అని గొడవ చేస్తుంటారు. ట్రిప్ లేట్ అవుతుంది, ఒక్కోసారి తర్వాతి ట్రిప్ క్యాన్సిల్ అవుతుంది, రాత్రి డిపోలో దానికి జవాబు చెప్పుకోవాల్సింది ఆ కండక్టర్, డ్రైవర్ ఇద్దరే. అందుకే ఉత్తరంలో ఆ ఆలస్యం సంగతి తప్పకుండా రాయాలి. ఇదిగో ఇలా రాసుకోండి, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"గౌరవనీయులైన డిపో మేనేజర్ గారికి నమస్కారాలు. మీ డిపోలో పనిచేస్తున్న కండక్టర్ శ్రీమతి ఫలానా గారు, డ్రైవర్ శ్రీ ఫలానా గారు ఈమధ్య డ్యూటీలో ఉండగా ఒక ప్రయాణికురాలు ఆపదలో ఉన్నట్టు గమనించి వెంటనే పోలీసులకి తెలియజేశారు. ప్రయాణికుల నుంచి ఒత్తిడి వచ్చినా ఓపికగా సర్దిచెప్పారు. ఈ కారణంగా సర్వీసు ఆలస్యమై ఉంటే దానిని వారి పొరపాటుగా భావించవద్దని మనవి. వారిద్దరి సేవను మెచ్చుకుంటూ ఈ లేఖను వారి సర్వీసు రికార్డులో చేర్చవలసిందిగా, ఒక ప్రతిని రీజినల్ మేనేజర్ గారికి పంపవలసిందిగా కోరుతున్నాం."

ఏ తేదీ, ఏ సర్వీసు అన్నది ఉత్తరంలో రాయకుండా డిపో మేనేజర్‌ని నేరుగా కలిసి నోటితో చెప్పండి, ఆ కాగితం ఎంతమంది చేతుల్లోంచి వెళ్తుందో మనకి తెలీదు కదా. డ్రైవర్ పేరు మర్చిపోకండి. బస్సు ఆపింది ఆయనే, కానీ మెచ్చుకోలు దగ్గరికి వచ్చేసరికి కండక్టర్ పేరే వినపడుతుంది.

రైల్వేలో టీటీఈ, కోచ్ అటెండెంట్, ప్యాంట్రీ కుర్రాడు అయితే డివిజనల్ రైల్వే మేనేజర్‌కి, కాపీ ఆర్పీఎఫ్ సీనియర్ డివిజనల్ సెక్యూరిటీ కమిషనర్‌కి. ఆర్పీఎఫ్‌లో ట్రాఫికింగ్ మీద ఆపరేషన్ ఆహట్ అని విడిగా నడుస్తోంది, వాళ్లకి ఇలాంటి ఉత్తరాలు ఉపయోగపడతాయి. ప్రైవేట్ ట్రావెల్స్, క్యాబ్ కంపెనీ అయితే ఓనర్‌కి రాయండి, "ఆ రోజు ట్రిప్ మధ్యలో ఆపినందుకు రేటింగ్ తగ్గించకండి, ఫైన్ వెయ్యకండి" అని స్పష్టంగా రాయండి.

స్టెప్ 7: ఏ రోజు చెయ్యాలి

జులై 30 మనుషుల అక్రమ రవాణాకి వ్యతిరేకంగా ప్రపంచ దినం, ఐక్యరాజ్యసమితి 2013లో ప్రకటించింది. తెలంగాణలో తప్పిపోయిన, పనిలో పెట్టిన పిల్లల్ని వెతికి కాపాడే డ్రైవ్‌లు, జులైలో ఆపరేషన్ ముస్కాన్, జనవరిలో ఆపరేషన్ స్మైల్, నడుస్తాయి కాబట్టి అధికారులు కూడా ఆ మూడ్‌లోనే ఉంటారు, పిలిస్తే వస్తారు.

కానీ నన్నడిగితే ఆటో వాళ్లకి దసరా ఆయుధపూజ రోజు బెస్ట్. బళ్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసి, నిమ్మకాయలు తొక్కించి, స్టాండ్ అంతా అక్కడే ఉంటుంది, మీరు విడిగా జనాన్ని పోగెయ్యక్కర్లేదు. తోటి డ్రైవర్ల ముందు దక్కే గౌరవం వేరు, ఎమ్మెల్యే గారు రెండు గంటలు లేటుగా వచ్చి కప్పే శాలువా వేరు. మే డే రోజు యూనియన్ జెండా ఎగరేసే దగ్గర కూడా బావుంటుంది.

ఆగస్ట్ 15కి, జనవరి 26కి కలెక్టర్ గారు పరేడ్ గ్రౌండ్‌లో ప్రశంసా పత్రాలు ఇస్తారు కదా, అందులో ఉద్యోగుల పేర్లు వాళ్ల శాఖ నుంచి వెళ్తాయి. ఆటో డ్రైవర్‌కి శాఖ ఏముంది? అందుకని మీరే పూనుకుని ఎస్పీ ఆఫీసు ద్వారానో, మహిళా శిశు సంక్షేమ శాఖ ద్వారానో పేరు పంపించాలి, ముందు నెలలోనే కదలాలి, చివరి వారంలో వెళ్తే లిస్ట్ క్లోజ్ అయ్యింది అంటారు. వివరం అడిగితే కవర్‌లో సీల్ చేసి ఇవ్వండి, మైకులో చదివే కాగితంలో మాత్రం పైన చెప్పిన ఒక్క వాక్యమే ఉండాలని ముందే మాట్లాడుకోండి.

స్టెప్ 8: ఫంక్షన్ రోజు

అరగంటలో అయిపోవాలి, కిరాయిల టైమ్ కాబట్టి. వక్తలు ఇద్దరు చాలు. సన్మానం పొందే మనిషిని కుర్చీలో ముందు వరసలో కూర్చోబెట్టండి, వీఐపీల వెనక నిలబెట్టకండి. భార్యనో భర్తనో, తల్లినో పక్కనే కూర్చోబెట్టండి.

మైక్ ఇస్తే కేసు గురించి కాకుండా ఒకటే అడగండి: "మామూలుగా డ్యూటీలో ఎలాంటివి కనపడితే ఆగి చూడాలి అన్నా?" ఇది అడిగితే వాళ్ల అనుభవం బయటికి వస్తుంది, అక్కడున్న మిగతావాళ్లకి పాఠం అవుతుంది. ఎక్కడికి వెళ్తున్నామో తెలియని పిల్లలు, ఏది అడిగినా పక్కవాడి మొహం చూసేవాళ్లు, ఒకే మనిషి చేతిలో గుంపు మొత్తం టికెట్లు కార్డులు ఉండడం, ఫోన్ లాగేసుకోవడం, "సినిమా ఛాన్స్", "కంపెనీ ఉద్యోగం" అని చెప్పి రాత్రికి రాత్రి ప్రయాణం. ఏ ఒక్కటి చూసి నిర్ధారణకి రాకూడదు అని కూడా వాళ్ల నోటితోనే చెప్పించండి.

అమెరికాలో ట్రక్ డ్రైవర్లతో 2009 నుంచి పనిచేస్తున్న ట్రక్కర్స్ అగెయిన్‌స్ట్ ట్రాఫికింగ్ అనే సంస్థ ఉంది, వాళ్లు రవాణా రంగంలో ఇలా కాపాడినవాళ్లకి హ్యారియట్ టబ్‌మన్ పేరు మీద అవార్డు ఇస్తారు. టబ్‌మన్ బానిసగా పుట్టి, తప్పించుకుని, మళ్లీ వెనక్కి వెళ్లి తన వాళ్లని రాత్రిళ్లు దారి చూపించి బయటికి తెచ్చిన మనిషి. నాకు అందులో నచ్చింది ఏంటంటే ఆ అవార్డుతో పాటే డ్రైవర్లకి ట్రైనింగ్, ఫోన్ నంబర్ ఉన్న స్టిక్కర్లు కూడా నడుస్తుంటాయి. మీరు కూడా ఆ రోజే 112, పిల్లలకి 1098, మహిళలకి 181, రైల్లో అయితే 139, ఈ నాలుగు నంబర్లు పెద్దగా తెలుగులో ప్రింట్ చేసిన స్టిక్కర్లు స్టాండ్‌లో ప్రతి బండికీ అంటించండి. మొదటిది సన్మానం పొందిన అన్న చేతే అంటించండి.

స్టెప్ 9: తర్వాత వదిలెయ్యకండి

అసలు అవసరం ఫంక్షన్ అయ్యాక వస్తుంది. ట్రాఫికింగ్ కేసులు ఏళ్లకి ఏళ్లు నడుస్తాయి, సమన్లు వచ్చేసరికి ఆ శాలువా ఎవరు కప్పారో కూడా ఎవరికీ గుర్తుండదు. మీ గ్రూపులో ఒకర్ని దీనికే పెట్టండి, ఆయన ఫోన్ నంబర్ డ్రైవర్ దగ్గర ఉండాలి. సమన్లు రాగానే వాయిదా తేదీ రాసుకోండి, ఆ రోజు ఒకరు కోర్టుకి తోడు వెళ్లండి, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని కలిసి సాక్షి వచ్చాడని చెప్పండి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరండాలో నిలబడి పిలవకుండానే వెనక్కి వచ్చే పరిస్థితి తగ్గుతుంది. సాక్షికి కోర్టు బత్తా ఇస్తారు, చాలామంది అడగరు, బెంచ్ క్లర్క్‌ని అడగమని చెప్పండి. సాక్షి ఆడమనిషి అయితే దర్యాప్తులో వాంగ్మూలం కోసం పోలీస్ స్టేషన్‌కి రమ్మనడానికి లేదు, ఆవిడ ఉండే చోటికే పోలీసులు రావాలి, ఇది బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే పోలీసు, కోర్టు విధానాల కొత్త చట్టం) 179లో ఉంది, కండక్టర్ అక్కలకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి. రోడ్డు యాక్సిడెంట్‌లో సాయం చేసినవాళ్లకి మోటార్ వాహనాల చట్టంలో 134ఏ కింద రక్షణ ఉంది కదా అని దీనికీ అదే వర్తిస్తుందని కొందరు అనుకుంటారు, అది యాక్సిడెంట్లకి మాత్రమే, కాబట్టి ఇక్కడ తోడు నిలబడాల్సింది మీరే.

సాక్ష్యం పూర్తయ్యాక, స్టెప్ 4లో ఆపి ఉంచిన సాయం ఏదైనా ఉంటే అప్పుడు ఇచ్చెయ్యండి. ఏడాది గడిచాక ఆ డిపోకో స్టాండ్‌కో మళ్లీ ఒకసారి వెళ్లి, చెరిగిపోయిన స్టిక్కర్లు తీసి కొత్తవి అంటించి, కొత్తగా వచ్చిన డ్రైవర్లకి ఆ నంబర్లు చెప్పి రండి.